ఎక్డిస్ ఒక గదిలో, ఇంగ్లీష్ ఇంకో గదిలో: రెండు మోడల్ కోర్సుల సమీక్ష

డెక్ ఆఫీసర్‌గా, అంటే ఓడను నడిపే అధికారిగా, ఓడ ఎక్కాలంటే రెండు చదువులు తప్పవు. ఒకటి ఎక్డిస్, అంటే కాగితపు చార్టు స్థానంలోకి వచ్చిన ఎలక్ట్రానిక్ చార్టు. రెండోది సముద్రం మీద వాడే ఇంగ్లీష్. ఇంగ్లీష్ ముందునుంచీ ఉన్నదే. ఎక్డిస్ మాత్రం నావికుల శిక్షణ, అర్హతల ప్రమాణాలు నిర్ణయించే ఎస్‌టీసీడబ్ల్యూ ఒప్పందానికి 2010లో మనీలాలో చేసిన సవరణలతో అర్హతల్లో చేరింది. ఆ సవరణలు 2012 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. ఈ రెండు చదువులకూ అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంవో తయారు చేసిన నమూనా పాఠ్యక్రమాలు ఉన్నాయి. ఎక్డిస్‌కి మోడల్ కోర్స్ 1.27, మారిటైమ్ ఇంగ్లీష్‌కి 3.17. 1.27లో 2012 ఎడిషన్‌ను, 3.17లో 2015 ఎడిషన్‌ను ముందు పెట్టుకుని రాస్తున్న సమీక్ష ఇది. కోర్సు తయారుచేసే ఫ్యాకల్టీకీ, డబ్బు కట్టి కూర్చునే ఆఫీసర్లకూ ఇద్దరికీ పనికి రావాలని మా ఉద్దేశం.

మోడల్ కోర్సు చట్టం కాదు, ఎలా నేర్పవచ్చో చూపే చట్రం మాత్రమే. దాన్ని ఉన్నది ఉన్నట్టు దించేయాలన్న నిబంధన ఎక్కడా లేదు. మన దగ్గర చాలాచోట్ల గంటల పట్టికతో సహా దించేస్తున్నారు. ఇబ్బంది అక్కడే మొదలవుతోంది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. 1.27 గట్టి కోర్సు, పరీక్ష పెట్టే తీరే బలహీనం. 3.17 విస్తారమైన కోర్సు, నేర్పేవాళ్లను బట్టి బంగారమూ అవుతుంది, వృథా కూడా అవుతుంది. అసలు లోపం ఒక్కటే: ఈ రెండూ ఎక్కడా కలవవు. తెర మీద చూసినదాన్ని పక్కనున్న మనిషికి ఇంగ్లీష్‌లో, తొందరలో, తప్పు లేకుండా చెప్పడం ఏ గదిలోనూ నేర్పడం లేదు. ఓడను నడిపే గదిలో, అంటే బ్రిడ్జి మీద, రోజంతా జరిగే పని మాత్రం అదే.

2007 నవంబరు 7 ఉదయం, దట్టమైన పొగమంచులో, కాస్కో బుసాన్ అనే కంటెయినర్ ఓడ శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి డెల్టా టవర్‌కు రక్షణగా కట్టిన ఫెండర్‌ను గుద్దుకుంది. యాభై మూడు వేల గ్యాలన్లకు పైగా ఇంధన చమురు అఖాతం పాలైంది. స్థానిక నీళ్లలో ఓడకు దారి చూపే పైలట్ అమెరికన్, కెప్టెన్ చైనీయుడు. ఎలక్ట్రానిక్ చార్టు మీద కనిపించిన ఎర్ర త్రికోణాలు ఏమిటని పైలట్ అడిగాడు. అవి టవర్‌కు అటూ ఇటూ నీళ్లలో తేలే బాయ్‌ల గుర్తులు. పొడి పొడి మాటల్లో వచ్చిన జవాబుతో ఆ సంగతి పైలట్‌కు అందలేదు. పైలట్ వాడుతున్న మందుల ప్రభావాన్నీ, పైలట్‌కూ కెప్టెన్‌కూ మధ్య సమాచారం సరిగా అందకపోవడాన్నీ దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ కారణాల్లో చేర్చింది. ఇందులో గుర్తు చదవడం ఎక్డిస్ పాఠం, చదివింది చెప్పడం ఇంగ్లీష్ పాఠం. ఆ రెంటి మధ్య ఖాళీలో ఓడ టవర్ దాకా వెళ్లిపోయింది.

1.27: బలం ఎక్కడ, జారేది ఎక్కడ

40 గంటలు, అంటే అయిదు రోజులు. చార్టు డేటా, సెన్సార్లు, రూటు ప్లానింగ్, మానిటరింగ్, అప్‌డేట్లు, చివర్లో పరికరం మీద అతి నమ్మకం వల్ల వచ్చే ప్రమాదాలు. ఈ వరుస బాగుంది. సేఫ్టీ కాంటూర్ అంటే ఓడకు సురక్షితమైన నీళ్లనూ ప్రమాదమైన నీళ్లనూ తెర మీద వేరుచేసే లోతు గీత. ఆ పాఠానికి మాత్రం చాలామంది ఇచ్చేది ఒక్క గంట. మా లెక్కలో దానికి సగం రోజు కావాలి. ఎందుకో అంకెలతో చూపిస్తాం.

ఓడ డ్రాఫ్ట్, అంటే నీళ్లలో మునిగి ఉండే లోతు, 9.5 మీటర్లు అనుకుందాం. వేగానికి కుంగే స్క్వాట్ 0.8. ఓడ అడుగుకూ నేలకూ మధ్య ఉండాలని కంపెనీ అడిగే ఖాళీ 1.5. పోటు నీళ్లను లెక్కలోకి తీసుకోవడం లేదు. మొత్తం 11.8, కాబట్టి ట్రైనీ సేఫ్టీ కాంటూర్ దగ్గర 12 అని కొడతాడు. కానీ ఆ చార్టులో ఉన్న లోతు గీతలు 5, 10, 20, 30 మాత్రమే. 12 గీత లేదు కాబట్టి ఎక్డిస్ దాని తర్వాతి లోతైన గీతను, అంటే 20ని, సేఫ్టీ కాంటూర్‌గా తీసుకుంటుంది. దాంతో 12 నుంచి 20 మీటర్ల దాకా ఉన్న మంచి నీళ్లన్నీ తెర మీద ప్రమాదపు రంగులోకి మారిపోతాయి. రూటు ఆ గీత దాటగానే అలారం మోగుతుంది, మళ్లీ మళ్లీ మోగుతుంది.

ఇక్కడ ట్రైనీ చేసే తప్పు దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటే. అలారం గోల పడలేక 12ని 10 చేస్తాడు. తెర ప్రశాంతంగా, తెల్లగా అయిపోతుంది. ఇప్పుడు 10.1 మీటర్ల నీళ్లు కూడా సురక్షితమే అన్నట్టు కనిపిస్తాయి. ఓడకేమో డ్రాఫ్ట్, స్క్వాట్ కలిపితేనే 10.3 కావాలి. అంటే తెర పచ్చజెండా ఊపిన చోట అడుగు నేలకు తగులుతుంది.

సరైన పని వేరు. 12ని ముట్టుకోకూడదు. సేఫ్టీ డెప్త్ కూడా 12 పెట్టాలి, అప్పుడు 12, అంతకంటే తక్కువ లోతు అంకెలు ముదురుగా కనిపిస్తాయి. స్టాండర్డ్ డిస్‌ప్లేలో లోతు అంకెలు రావు, వాటిని విడిగా ఆన్ చేయాలి. ఈ ఒక్క ముక్క చెప్పకపోతే సేఫ్టీ డెప్త్ పాఠం మొత్తం గాలిలో కలిసినట్టే. ఆ అంకెలు చూసుకుంటూ, ఓడ వెళ్లకూడని నీళ్లకు యూజర్ చార్టులో, అంటే మనం సొంతంగా గీసుకునే పొరలో, చేత్తో ప్రమాద గీత గీయాలి. ఓడ రూటు నుంచి పక్కకు ఎంత జరగవచ్చో చెప్పే క్రాస్ ట్రాక్ హద్దు ఆ గీతకు ఇవతలే ఉండేలా చూసి, అప్పుడు రూటులో ప్రమాదాలను వెతికే రూట్ చెక్ నడపాలి.

అక్కడితో కూడా అయిపోదు, చార్టు సర్వే నాణ్యత చూడాలి. దాన్ని క్యాట్‌జాక్ అంటారు. 12 మీటర్ల లోతు దగ్గర బీ తరగతి సర్వేలో పొరపాటు హద్దు సుమారు 1.24 మీటర్లు, సీ తరగతిలో 2.6. మనం పెట్టుకున్న 1.5 ఖాళీ బీలో బొటాబొటిగా నిలుస్తుంది, సీలో మొత్తం ఎగిరిపోతుంది. క్యాట్‌జాక్ నక్షత్రాల గుర్తులు బట్టీ పట్టించి వదిలేసే కోర్సులున్నాయి. ఇలా ఒకే ఓడ, ఒకే లెక్క మీద నడిపిస్తే తప్ప ఆ గుర్తు ఎందుకో కుర్రవాడి బుర్రకెక్కదు.

ఈ పాఠానికి అసలైన సాక్ష్యం ఓవిట్ అనే కెమికల్ ట్యాంకర్. 2013 సెప్టెంబరు 18న డోవర్ జలసంధిలో వార్న్ బ్యాంక్ మీదకు ఎక్కింది. రూటు ఆ ఇసుక దిబ్బ మీదుగానే గీసి ఉంది. గీసింది అనుభవం లేని జూనియర్ ఆఫీసర్, కెప్టెన్ సరిచూడలేదు. సేఫ్టీ కాంటూర్ ఆ ఓడకు తగ్గట్టు లేదు. వినిపించాల్సిన అలారం పనిచేయలేదు. నేల తగిలిందని ఆ వేళ ఓడ నడిపే డ్యూటీలో ఉన్న వాచ్ ఆఫీసర్‌కు అర్థం కావడానికి 19 నిమిషాలు పట్టిందని బ్రిటన్ దర్యాప్తు సంస్థ ఎంఏఐబీ రాసింది. వాళ్లు ఎక్డిస్ శిక్షణ లేనివాళ్లు కాదు. శిక్షణ తీసుకుని కూడా పరికరాన్ని సరిగా వాడలేకపోయారు. కోర్సు తయారుచేసేవాళ్లు గోడకు అంటించుకోవలసిన కేసు ఇది.

1.27ను నడిపే తీరులో మాకు నచ్చని సంగతులు మూడు. ఒక స్టేషన్ ముందు ఇద్దరిని కూర్చోబెడితే మౌస్ పట్టుకున్నవాడే నేర్చుకుంటాడు, రెండోవాడు తలూపి సర్టిఫికెట్ పట్టుకెళ్తాడు. చివరి పరీక్ష నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే రకమైతే పై లెక్క రానివాడు కూడా గట్టెక్కేస్తాడు. అన్నిటికంటే మూడోది ముఖ్యం: శిక్షణ ఒక కంపెనీ తెర మీద, ఉద్యోగం ఇంకో కంపెనీ తెర మీద. మెనూలు పూర్తిగా వేరు. జెనరిక్ కోర్సు పాసైనంత మాత్రాన ఓడ మీదున్న ఆ ఫలానా మోడల్ వచ్చేసినట్టు కాదు. దానికి విడిగా పరిచయ శిక్షణ కావాలి, ఆ బాధ్యత ఓడల సురక్షిత నిర్వహణ నియమావళి ఐఎస్ఎం కోడ్ ప్రకారం కంపెనీది. ఓడ ఎక్కిన రోజే వాచ్‌లో నిలబడాల్సి వస్తే, సేఫ్టీ కాంటూర్ ఎక్కడ మార్చాలి, రూట్ చెక్ ఎక్కడుంది, ఓడ స్థానం చెప్పే రెండో ఆధారం, అంటే సెకండరీ పొజిషన్ సోర్స్, ఎలా చూడాలి, అలారం చరిత్ర ఎక్కడ దొరుకుతుంది, ఈ నాలుగూ తడుముకోకుండా చేయగలిగేదాకా వాచ్ ఒప్పుకోకూడదు.

3.17: రెండు భాగాలు, రెండు రకాల గురువులు

2015 ఎడిషన్‌లో మొదటి భాగం జనరల్ మారిటైమ్ ఇంగ్లీష్, రెండోది డెక్, ఇంజిన్ వంటి విభాగాలకు విడివిడిగా ఉండే స్పెషలైజ్డ్ ఇంగ్లీష్. వ్యాకరణం కోసం వ్యాకరణం కాకుండా మాట్లాడుతూ నేర్పమనే పద్ధతి. కాగితం మీద చాలా మంచి ఆలోచన. తరగతి గదిలో చిక్కు ఏమిటంటే, ఇంగ్లీష్ టీచరుకు వీల్ ఓవర్ పాయింట్ (మలుపు కోసం చుక్కాని తిప్పాల్సిన చోటు) అంటే తెలియదు, కెప్టెన్ గారికి ఉచ్చారణ దిద్దడం రాదు. టీచరు ఒక్కరే చెబితే కాలేజీ ఇంగ్లీష్ అవుతుంది, కెప్టెన్ ఒక్కరే చెబితే కబుర్లవుతాయి.

ఈ కోర్సుకు వెన్నెముక ఎస్ఎంసీపీ అనే ప్రామాణిక పదబంధాల సంకలనం. ఐఎంవో అసెంబ్లీ 2001లో ఏ.918(22) తీర్మానంతో ఆమోదించింది. అందులో మన తెలుగు కుర్రాళ్లకు ప్రాణం కాపాడే నియమం ఒకటుంది. అవును, కాదు అని ఊరుకోకూడదు, పూర్తి వాక్యం చెప్పాలి. ఇది ఎందుకంత ముఖ్యమో తెలుగు వాళ్లకు వేరే చెప్పాలా? "పైలట్ రాలేదా?" అంటే మనం "ఆఁ, రాలేదు" అంటాం. అదే అలవాటులో, "ఈజ్ ద పైలట్ నాట్ ఆన్ బోర్డ్?" అన్న ప్రశ్నకు "యెస్" అనేసి ఊరుకుంటే, అవతలి మనిషి పైలట్ ఎక్కేశాడు అనుకుంటాడు. "నో, ద పైలట్ ఈజ్ నాట్ ఆన్ బోర్డ్" అని పూర్తిగా అంటే ఆ గొడవే ఉండదు. ఈ సంగతిని తెలుగు విద్యార్థులకు తెలుగులోనే విడమరిచి చెప్పి, తర్వాత ఇంగ్లీష్‌లో యాభైసార్లు అనిపించాలి. వినేవాడి మాతృభాష ఏదో ఆలోచించకుండా తయారైన పాఠం ఇక్కడే తేలిపోతుంది.

"మే ఐ ఎంటర్ ద ఫెయిర్‌వే?" అన్నది ఇంకో ఉచ్చు. ఫెయిర్‌వే అంటే ఓడలు నడిచే నీటి దారి. మే, మైట్, షుడ్, కుడ్ లాంటి మాటలు వాడొద్దని ఎస్ఎంసీపీ చెబుతుంది. అడిగేదైతే "క్వశ్చన్. డు ఐ హ్యావ్ పర్మిషన్ టు ఎంటర్ ద ఫెయిర్‌వే?" చేయబోయేదైతే "ఇంటెన్షన్. ఐ విల్ ఎంటర్ ద ఫెయిర్‌వే." ఇలాంటి ముందుమాటలు ఎనిమిదున్నాయి. వాక్యానికి ముందు ఆ ఒక్క మాట వినబడితే చాలు, మిగతాది రేడియో గరగరలో సగం పోయినా అవతలివాళ్లకు ఇది ప్రశ్నో, హెచ్చరికో తెలుస్తుంది.

అంకెల సంగతికి వస్తే, 150ని వన్ ఫైవ్ జీరో అని విడివిడిగా పలకాలి. చుక్కాని కోణానికి మాత్రం ఫిఫ్టీన్, ట్వెంటీ అనే అనాలి. ఈ మినహాయింపు చాలా తరగతుల్లో జారిపోతోంది. శ్రీకాకుళం తీరం నుంచి జీపీ రేటింగ్, అంటే సాధారణ నావికుల, కోర్సు చేసి వెళ్లే పిల్లలకు ఎక్డిస్ అక్కర్లేకపోవచ్చు, ఇది మాత్రం మొదటి రోజు నుంచే కావాలి, ఎందుకంటే వీల్ పట్టుకునేది వాళ్లే. ఆర్డరు విన్న వెంటనే తిరిగి పలకాలి, అర్థం కాకపోతే "సే అగైన్" అనాలి. పెద్దవాళ్లను రెండోసారి అడగడం మన దగ్గర మర్యాద తక్కువగా అనిపిస్తుంది, అందుకే అర్థం కాకపోయినా "యెస్ సర్" అంటారు. ఆ మొహమాటం పోగొట్టడానికి విడిగా అభ్యాసం పెట్టాలి. మనకు వీ, డబ్ల్యూ రెండూ "వ" కిందికే వస్తాయి కాబట్టి ఓడ పేరు చెప్పేటప్పుడు విక్టర్, విస్కీ అని అక్షరాలుగా పలికించడం కూడా అందులోనే చేర్చవచ్చు.

రెంటినీ కలిపితే

మోడల్ కోర్సు గంటలు పెంచకుండానే కలపవచ్చు. 1.27లో చివరి రెండు రోజుల సిమ్యులేటర్ అభ్యాసాలను ఇలా మార్చి చూడండి. ట్రైనీకి ఇరుకైన ఫెయిర్‌వే ఇచ్చి, పది నిమిషాల్లో రూటు గీయించి, పైన చెప్పిన లెక్కంతా చేయించాలి. అప్పుడు ఇంకో ట్రైనీ వాచ్ తీసుకోవడానికి వస్తాడు. అప్పగింత అయిదు నిమిషాలు, మొత్తం ఇంగ్లీష్‌లో. వచ్చినవాడు మూడు సంగతులు తిరిగి చెప్పాలి: కొట్టిన సేఫ్టీ కాంటూర్ ఎంత, తెర తీసుకున్నది ఎంత, చేత్తో గీసిన ప్రమాద గీత ఎక్కడుంది. 12 కొడితే 20 వచ్చిందన్న ముక్క నోటితో చెప్పలేనివాడికి అది నిజంగా అర్థం కానట్టే.

ఆ తర్వాత పోర్ట్ కంట్రోల్ నుంచి గరగరలాడే వీహెచ్ఎఫ్ రేడియో పిలుపు. మధ్యలో ఇన్‌స్ట్రక్టర్ చడీచప్పుడు లేకుండా జీపీఎస్ స్థానాన్ని 0.3 నాటికల్ మైళ్లు పక్కకు జరపాలి. చార్టు మీద పరిచిన రాడార్ చిత్రంలో, అంటే రాడార్ ఓవర్‌లేలో, ఒడ్డు రేఖ చార్టు మీది గీతకు కలవడం లేదని ట్రైనీ పట్టుకోవాలి. పట్టుకుని ఊరుకుంటే సగం మార్కులే. "కెప్టెన్, వార్నింగ్. జీపీఎస్ పొజిషన్ ఈజ్ నాట్ రిలయబుల్" అని వెంటనే గొంతెత్తి చెబితేనే పూర్తి మార్కులు. చివరికి పైలట్ వేషంలో ఎవరో వచ్చి తెర మీద ఒక గుర్తు చూపించి, ఇదేమిటి అని అడగాలి. జవాబు రెండు వాక్యాల్లో రావాలి. అది ఏమిటో ఒకటి, మన ఓడకు దానితో పనేమిటో రెండోది.

ఈ అభ్యాసానికి మార్కులు వేసేటప్పుడు కెప్టెన్, ఇంగ్లీష్ టీచర్ ఒకే గదిలో ఉండాలి. మాటలు రికార్డు చేసి, తెర రికార్డింగుతో పక్కపక్కన నడిపి చూపించాలి. ఇద్దరి జీతాలూ ఒకే తరగతికి పడతాయి, ఖర్చు పెరుగుతుంది, నిజమే. పెరిగినా పెట్టదగ్గ ఖర్చు.

చేరబోయేవాళ్లకు

సీటు తీసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. స్టేషన్‌కు ఒక్కరేనా? చివరి పరీక్షలో సిమ్యులేటర్ భాగం ఉందా, లేక ప్రశ్నపత్రమేనా? ఎస్-100 గురించి ఏమైనా చెబుతున్నారా? కొత్త తరం చార్టు ప్రమాణం ఎస్-100తో పనిచేసే ఎక్డిస్‌లను 2026 జనవరి 1 నుంచి అమర్చవచ్చు, 2029 జనవరి 1 నుంచి కొత్తగా అమర్చేవన్నీ అవే అయి ఉండాలి. పాత ఎస్-57 చార్టులు కూడా చాలాకాలం పక్కనే నడుస్తాయి. ఇప్పుడు కోర్సు చేసేవాళ్లు థర్డ్ ఆఫీసర్ నుంచి చీఫ్ ఆఫీసర్ అయ్యేలోపు రెండు రకాల తెరల మీదా వాచ్ చేయాల్సి వస్తుంది. 10కీ 20కీ మధ్య గీతలున్న, అంటే 12 కొడితే 12 దగ్గర్లోనే ఆగే వివరమైన లోతు డేటా రేవులన్నిటికీ ఒకేసారి రాదు. అప్పటిదాకా ఆ ప్రమాద గీత చేత్తో గీసుకోవాల్సిందే.