బిక్కవోలు వెళ్తే పొలాల్లో గుళ్ల దాకా వెళ్లండి

సంక్రాంతి వెళ్లాక అక్కా బావగారితో కలిసి గోదావరి జిల్లాల పాత గుళ్లు చూడ్డానికి వెళ్లాం. ముందే చెబుతున్నా, రాజమండ్రిలో పంచారామాల ప్యాకేజీ అని కారు మాట్లాడుకుంటే ఏయే ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. మాకు ఫోన్‌లో 5,500 అన్నారు. దిగేటప్పుడు డ్రైవర్ బత్తా, పార్కింగ్, వెయిటింగ్ అంటూ 6,850 గుంజారు.

డబ్బు సంగతి అలా ఉంచితే, ద్రాక్షారామంలో జరిగిందే నాకు ఇప్పటికీ మంటగా ఉంది. ఆ గుళ్లో స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. ఎవరో అఖండ దీపానికి పశువుల్ని ఇచ్చారు, ఇంకెవరో భూమి రాసిచ్చారు. దర్శనమై వస్తుంటే ఆ ఊరి రిటైర్డ్ మాస్టారొకాయన మమ్మల్ని ఒక స్తంభం దగ్గర ఆపారు. మామూలుగా చూస్తే నల్లటి అరిగిపోయిన రాయి. ఆయన సెల్‌ఫోన్ టార్చి రాతికి ఆనించినట్టు పక్కనుంచి పట్టుకున్నారు. గాట్లలో నీడ పడి ఒక్కో అక్షరం లేచొచ్చింది. అక్క వేలు పెట్టబోతే, "తాకకండమ్మా, చేతి జిడ్డు పడుతుంది" అన్నారు. మూడో వరుస చదువుతుండగా డ్రైవర్ ఫోన్: "నలభై నిమిషాలైపోయాయి సార్, బయల్దేరాలి." బిక్కవోలు కూడా తీసుకెళ్లమంటే "అక్కడేముంది సార్, పాడుబడ్డ గుళ్లు" అన్నాడు. సామర్లకోట, పాలకొల్లు, భీమవరం సాఫీగానే అయ్యాయి.

మర్నాడు ప్యాసింజర్ రైల్లో బిక్కవోలులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. మూడు గంటలకి 400. తూర్పు చాళుక్యుల కాలపు గుళ్లివి. ఆ వంశంలో గుణగ విజయాదిత్యుడు 849 నుంచి 892 దాకా ఏలాడు. ఊళ్లో గోలింగేశ్వరుణ్ణి, గణపతిని చూశాం. గణపతి చెవిలో కోరిక చెప్పుకోవడానికి క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లడం మంచిది.

అసలు చూడాల్సినవి ఊరి బయట ఉన్నాయి, నక్కలగుడి, కంసాలగుడి. దాళ్వా (రెండో పంట వరి) నాట్ల మధ్య గట్టు మీద నడవాలి. బావగారు చెప్పులు చేత్తో పట్టుకుని గొణుగుతూనే వచ్చారు. గుడి దగ్గర నలుగురు కుర్రాళ్లు, ఒక పెద్దాయన గడ్డి పీకుతున్నారు. జీతం లేదు, కమిటీ లేదు, వాళ్లంతట వాళ్లే వస్తారట. రాళ్ల సందులో జానెడు రావి మొక్క కనిపిస్తే నేను పీకబోయాను. పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపారు: "ఆయ్, అలా లాక్కూడదండీ, వేరుతోపాటు రాయి కదిలిపోద్ది." రెండాకుల మొక్కైతే వాళ్లే తీస్తారు, ముదిరితే ముట్టుకోకుండా పురావస్తు శాఖకి ఫోన్ చేస్తారు. పగుళ్లలో సిమెంటు పెట్టనివ్వరు, అది తడిని లోపలే బంధిస్తుందని తెలుసు. మరో ఊళ్లో శాసనం మీద ఎనామిల్ పెయింటు దట్టంగా పూసి ‘అభివృద్ధి’ అన్నవాళ్లని చూసొచ్చిన నాకు ఈ కుర్రాళ్లకి దండం పెట్టాలనిపించింది. బావగారు గొణగడం మానేసి గంటసేపు వాళ్లతో కలిసి ఆకులెత్తారు.

రాజమండ్రిలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టినవాళ్లూ ఇలా సొంత ఊరి చరిత్ర మీద అభిమానంతోనే కదిలారు. రాళ్లబండి సుబ్బారావు పేరు మీద ఉన్న మ్యూజియం రాజమండ్రిలో చూడొచ్చు, రెండు గంటలు పెట్టుకోండి.

బిక్కవోలుకి కారు అక్కర్లేదు, రైలూ ఆటో చాలు. టార్చి, మంచినీళ్లు పట్టుకెళ్లండి. కొబ్బరికాయ రాతి మీద కొట్టకండి, పసుపు కుంకుమలు శిల్పాలకి పూయకండి. ఆ కుర్రాళ్లు డబ్బిస్తే తీసుకోలేదు. మేం తాపేశ్వరం కాజాలు అరకిలో ఇచ్చొచ్చాం. మీరు వెళ్తే చేతులకి గ్లౌజులు నాలుగు జతలు పట్టుకెళ్లండి, గడ్డిలో ముళ్లు బాగా ఉన్నాయి.