ఐజర్‌మనా, సాకికా: మేనేజర్‌గా ఏ కెప్టెన్ మేలు?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ NHLలో డెట్రాయిట్ జట్టు రెడ్ వింగ్స్ సీజన్ ముగిసిన ప్రతిసారీ డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు నన్ను ఇదే అడుగుతున్నారు. జట్టు మేనేజర్ ఐజర్‌మన్‌కి ఇంకా ఎన్నేళ్లు టైమ్ ఇవ్వాలి, అక్కడ కొలరాడో జట్టు మేనేజర్‌గా సాకిక్ ఎప్పుడో లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ కొట్టేశాడు కదా అని.

ఆటగాళ్లుగా వాళ్ల మధ్య తేడా వెతకడం దండగ. ఇద్దరూ 19వ నంబరే, ఇద్దరూ ఏళ్ల తరబడి కెప్టెన్లే. ఐజర్‌మన్‌కి 1755 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి), 3 స్టాన్లీ కప్పులు. సాకిక్‌కి 1641 పాయింట్లు, 2 కప్పులు. 2002 ఒలింపిక్స్‌లో కెనడాకి కలిసి స్వర్ణం తెచ్చారు.

డ్రాఫ్ట్ (కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి, ఒక్కో వంతు ఒక పిక్) చూస్తే ఐజర్‌మన్‌దే పైచేయి. 2010లో టాంపా బే జట్టు మేనేజర్‌గా పగ్గాలు తీసుకున్నాక కుచెరోవ్‌ని 58వ పిక్‌లో, పాయింట్‌ని 79లో, పలాట్‌ని ఏకంగా 208లో పట్టాడు. మాకినన్ (2013లో మొదటి పిక్), రాంటనెన్ (10), మకార్ (4) సాకిక్ హయాంలో వచ్చినవాళ్లే గానీ, అంత పైన దొరికినవాళ్లని తర్వాతి రౌండ్ల వేటతో పోల్చలేం. టాంపా 2015 ఫైనల్లో ఓడింది, 2018లో ఐజర్‌మన్ తప్పుకున్నాడు, 2020, 2021 కప్పులు ఆ తర్వాత వచ్చాయి. వాటిలో ఆయన వాటా చాలా పెద్దదని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే నా లెక్కలో అసలు పరీక్ష వేరే ఉంది: పేరున్న ఆటగాడు వెళ్లిపోతానన్నప్పుడు మేనేజర్ ఏం చేస్తాడు? ఐజర్‌మన్‌కి ఇది 2014లో ఎదురైంది. సోచీ ఒలింపిక్స్‌కి కెనడా జట్టుని ఎంపిక చేసిందీ ఆయనే, అందులో మొదట తన టాంపా కెప్టెన్ మార్టిన్ సెయింట్ లూయిస్‌కే చోటివ్వలేదు, మరో టాంపా ఆటగాడు స్టామ్‌కోస్ గాయం నుంచి కోలుకోలేదని తేలాకే పిలిచాడు. కెప్టెన్ ట్రేడ్ (వేరే జట్టుకి మార్పిడి) అడిగాడు, అదీ న్యూయార్క్ రేంజర్స్‌కే కావాలన్నాడు, ఎక్కడికి వెళ్లాలో తేల్చే హక్కు కాంట్రాక్టులోనే ఉంది. కొనేవాడు ఒక్కడే ఉన్న బేరంలో కూడా రేంజర్స్ కెప్టెన్ కలహన్‌నీ, అదనంగా డ్రాఫ్ట్ పిక్‌లనీ రాబట్టడం చిన్న విషయం కాదు.

సాకిక్ విషయానికొస్తే, 2016-17లో కొలరాడో 82 మ్యాచ్‌ల్లో 22 గెలిచి 48 పాయింట్లతో లీగ్ పట్టికలో అట్టడుగున పడింది, స్టార్ ఆటగాడు డుషేన్ వెళ్లిపోతానన్నాడు, వచ్చిన ధరకి ఇచ్చేయమని మీడియా అంతా ఒత్తిడి పెట్టింది. ఆయన నెలల తరబడి కదల్లేదు. 2017 నవంబరులో ఒటావా, నాష్‌విల్‌లతో మూడు జట్ల ట్రేడ్ కుదిరేసరికి కుర్ర డిఫెన్స్ ఆటగాడు జిరార్డ్‌తో పాటు మొదటి రౌండ్ పిక్ కూడా వచ్చింది, ఆ పిక్‌తోనే తర్వాత మరో డిఫెన్స్ ఆటగాడు బైరమ్‌ని తీసుకున్నారు. అదే సీజన్లో జట్టు 95 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. 2022లో కప్ గెలిచింది, అదీ ఐజర్‌మన్ కట్టిన టాంపా మీద! టెన్షన్‌లో బేరం పాడు చేసుకోని ఆ నిబ్బరం కోసమే నా ఓటు సాకిక్‌కి.

ఇలాగే ఆటగాళ్ల నుంచి మేనేజర్లైన రాన్ ఫ్రాన్సిస్, రాబ్ బ్లేక్‌ల పేర్లు కూడా కొందరు తెస్తున్నారు. మంచి మేనేజర్లే, కానీ ఆ కుర్చీలో కప్ రాలేదు కాబట్టి ఈ పోలికలోకి తేను.

డెట్రాయిట్‌లో 2019 నుంచి ఐజర్‌మన్ సైడర్, రేమండ్‌లాంటి మంచి కుర్రాళ్లని తెచ్చాడు, అయినా 2025 దాకా ప్లేఆఫ్స్ రాలేదు, 2024లో పాయింట్లు సమానమైనా టైబ్రేకర్‌లో పోయింది. ఓపిక ఆయనకీ ఉంది, మార్కెట్‌లో గట్టి దెబ్బ కొట్టే ట్రేడే ఇంకా చూడలేదు.

సాకిక్ వైపు ఉన్న మచ్చ కూడా చెప్పాలి. 2022లో ఆయన ప్రెసిడెంట్ అయి మేనేజర్ పని మాక్‌ఫార్లండ్‌కి అప్పగించాడు. 2025 జనవరిలో కాంట్రాక్ట్ కుదరక రాంటనెన్‌ని కరోలినాకి పంపేశారు, అక్కణ్నించి డల్లాస్ చేరిన ఆయన మొదటి రౌండ్ ఏడో మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టి కొలరాడోనే ఇంటికి పంపాడు. నిర్ణయం మాక్‌ఫార్లండ్‌దే అనుకున్నా, పైన కూర్చున్నది సాకికే. ఆ ఒక్క ట్రేడ్ వల్ల నా ఓటు మారలేదు గానీ, రెండేళ్ల క్రితం ఉన్నంత తేడా ఇప్పుడు ఇద్దరి మధ్యా లేదు.