ఫోన్‌కి తాళమా, ఫోన్ హాల్లోనా?

కోనసీమలో చాలా ఇళ్లలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తుంటుంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటారు. రాత్రి వీడియో కాల్ కోసం ఫోన్ ఉండాల్సిందే. మరి మూడో తరగతి పిల్లాడిని ఆన్‌లైన్‌లో ఎలా కాపాడుకోవాలి?

మొదటి దారి గూగుల్ ఫ్యామిలీ లింక్, పిల్లల ఫోన్‌ని పెద్దవాళ్లు తమ ఫోన్ నుంచే అదుపులో పెట్టే యాప్. ఉచితం. రోజుకి ఎంతసేపు చూడాలో, రాత్రి ఎన్నింటికి ఫోన్ లాక్ అవ్వాలో అమ్మ అక్కడి నుంచే పెట్టొచ్చు. కొత్త యాప్ వేసుకోవాలంటే ఆమె ఒప్పుకోవాలి. దూరాన ఉన్న తల్లికి ఇది పెద్ద ఊరట. కానీ ఫోన్‌లో పిల్లాడి పేరున ఖాతా ఉండాలి, అమ్మమ్మ ఖాతాతో నడిచే ఫోన్‌లో కుదరదు. పైగా వాట్సాప్‌లో ఎవరు ఏం పంపారో ఇది చూపించదు.

రెండోది, ఫోన్ చూసేది అందరూ తిరిగే చోటే అని నియమం పెట్టుకోవడం. తలుపేసుకుని కాదు, దుప్పటి కింద అసలే కాదు. అమ్మమ్మకి సెట్టింగులు రానక్కర్లేదు. "ఎవరైనా నీ ఫొటో అడిగినా, ఇంట్లో చెప్పొద్దన్నా వెంటనే నాకు చెప్పు నాన్నా, తిట్టను" అని ముందే చెప్పి ఉంచాలి. తిడతారన్న భయంతోనే పిల్లలు దాస్తారు. బడిలో టీచర్ కూడా ఇదే మాట చెబితే వాడికి చెప్పుకునే చోటు ఇంకొకటి దొరుకుతుంది. తేడాగా అనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది, 24 గంటలూ ఉచితం. వచ్చిన మెసేజ్‌లు మాత్రం చెరిపేయకండి, ఫిర్యాదుకి అవే ఆధారం.

ఒక్కటే ఎంచుకోమంటే ఈ వయసు పిల్లలకి నేను రెండోదే అంటాను. అమ్మమ్మ పనికి వెళ్లి, ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేని సెలవు మధ్యాహ్నాలుంటే మాత్రం లాక్ తప్పదు, పిల్లాడి పేరున కొత్త ఖాతా పెట్టైనా సరే.