మా డీటీపీ షాపులో టీపీ-లింక్ ఎస్‌జీ108 స్విచ్

పర్లాకిమిడిలో మాది డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్ షాపు. ఒక సిస్టమ్‌లో ఒడియా పని, ఇంకోదాంట్లో అను ఫాంట్లతో తెలుగు శుభలేఖలు, మూడోది బిల్లింగుకి, పక్కన నెట్‌వర్క్ ప్రింటరు. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ఊళ్లోవాళ్లూ, అటు పాతపట్నం వాళ్లూ ఒకేసారి వచ్చి కూర్చుంటారు. అప్పుడు ఫైలు నత్తనడక నడిస్తే టెన్షన్ మామూలుగా ఉండదు. అందుకే సిస్టమ్‌లని వైర్లతో కలిపే పాత హబ్ తీసేసి, అదే పని ఇంకా బాగా చేసే నెట్‌వర్క్ స్విచ్ టీఎల్-ఎస్‌జీ108ని బరంపురం నుంచి తెప్పించాను. ఎనిమిది గిగాబిట్ (1000 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 1000 మెగాబిట్ల) పోర్టులు, మెటల్ బాడీ. ఫ్యాన్ లేదు, అందుకని చప్పుడూ లేదు. సెట్టింగుల గొడవ అసలే లేదు, వైర్లు పెట్టి కరెంటు ఇస్తే చాలు.

హబ్ పని మైకులో చాటింపు వేసినట్టు ఉంటుంది. ఒక పోర్టులో వచ్చింది మిగతా అన్నిటికీ పంపేస్తుంది. రెండు సిస్టమ్‌లు ఒకేసారి పంపితే డేటా ఢీకొని, ఆ ముక్కని మళ్లీ పంపాలి. స్విచ్ అయితే ఏ పోర్టులో ఏ మిషన్ ఉందో మ్యాక్ అడ్రసును (ప్రతి మిషన్‌కీ ఉండే గుర్తింపు నంబరును) బట్టి గుర్తుపెట్టుకుని, ఎవరిది వాళ్లకే ఇస్తుంది. ఇప్పుడు మా దగ్గర ఫ్లెక్సీ ఫైలు ఒకపక్క కాపీ అవుతున్నా, బిల్లు మరోపక్క ఆగకుండా ప్రింటవుతోంది. 500 ఎంబీ ఫైలుకి 100 ఎంబీపీఎస్ మీద ఎంత లేదన్నా 40 సెకన్లు పడుతుంది. గిగాబిట్ మీద, హార్డ్ డిస్క్ అందుకోగలిగితే, నాలుగైదు సెకన్ల పని.

కానీ వైరు బాగుంటేనే ఇదంతా. 100 ఎంబీపీఎస్‌కి కేబుల్లోని నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ తగలాలి. మాకు క్రింపింగ్ చేసిన (వైరు చివర కనెక్టరు బిగించిన) కుర్రాడు "నెట్ వస్తోంది కదండీ, ఇంకేటి?" అన్నాడు. విండోస్‌లో చూస్తే లింక్ స్పీడ్ 100 అనే ఉంది. కనెక్టరును వెలుతురుకి పెట్టి చూపించాను. గోధుమరంగు తీగ చివరిదాకా వెళ్లలేదు, పిన్ను కింద ఖాళీ కనిపిస్తోంది. కోసి మళ్లీ కొట్టించాక 1000కి వచ్చింది. డబ్బులిచ్చే ముందు ప్రతి సిస్టమ్‌లోనూ ఈ అంకె చూసుకోండి. కేబుల్ కూడా అల్యూమినియం మీద రాగి పూసింది కాకుండా అసలు రాగిది అడగండి.

నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కీ ఉండే చిరునామాలు, అంటే ఐపీ అడ్రసులు, ఇచ్చే పని స్విచ్‌ది కాదు, రౌటర్‌ది. స్విచ్ నుంచి ఒక వైరు రౌటర్ ల్యాన్ పోర్టుకి (లోపలి సిస్టమ్‌లు తగిలించేదానికి) పెడితే సరి. వెనక గదిలో వైఫై కోసం పాత రౌటర్‌ని కూడా దీనికే కలిపాను. దాని ఐపీ అడ్రసు మార్చి, డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు పంచే పని) ఆపేసి, వైరు బయటి నెట్ వచ్చే వ్యాన్ (WAN) పోర్టులో కాకుండా ల్యాన్‌లో పెట్టాలి. డీహెచ్‌సీపీ రెండిట్లోనూ నడిస్తే కొన్ని సిస్టమ్‌లకి నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. ఒకే వైరు రెండు కొసలూ ఈ స్విచ్‌లోనే గుచ్చితే మాత్రం నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోతుంది. షాపులో పిల్లలకి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

సీసీ కెమెరాలకి వైరులోంచే కరెంటు కావాలంటే ఇది పనికిరాదు, పీఓఈ ఉన్నది కొనాలి. వీల్యాన్‌తో (ఒకే నెట్‌వర్క్‌ని విడి భాగాలు చేసే పద్ధతితో) కస్టమర్ల వైఫైని విడిగా ఉంచాలనుకుంటే ఎస్‌జీ108ఈ మోడల్ చూడండి. మాలాంటి షాపుకి ఇది నిక్షేపంగా సరిపోతుంది. ఐదు పోర్టులది చవగ్గా వస్తుంది కదా అని మాత్రం వెళ్లకండి. రౌటర్‌కి ఒకటి, ప్రింటరుకి ఒకటి పోతే మిగిలేవి మూడే.