పాత జిప్సీ కింగ్ స్టీరింగ్: నల్లగొండ రోడ్ల మీద ఏళ్లుగా నడిపాక

మారుతి జిప్సీ కింగ్ (జీపు లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి) కొనాలా అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే. ఇంజన్ గురించి దిగులు వద్దు, స్టీరింగ్ సంగతి మాత్రం ముందు చూసుకోండి. 1298 సీసీ పెట్రోల్ ఇంజన్ ఓ మొండి ఘటం. ఆయిల్ మారుస్తూ, రేడియేటర్‌లో నీళ్లు చూసుకుంటూ ఉంటే దాని మానాన అది తిరుగుతూనే ఉంటుంది. బండిని జనం అమ్ముకునేది ఇంజన్ వల్ల కాదు. "హైవే ఎక్కితే భయమేస్తోంది, బండి చేతిలో ఉండట్లేదు" అని అమ్ముకుంటారు. నాకు ఈ బండి అలాగే దొరికింది. దేవరకొండ వైపు బత్తాయి తోట ఉన్న ఒక రైతు దగ్గర కొన్నాను. ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్షన్‌తో పెట్రోల్ అందే) మోడల్, పవర్ స్టీరింగ్ లేదు.

అప్పటి నుంచి మా పొలం దారి, చందంపేట గుట్టలు, డిండి వైపు రాళ్ల బాటలు, వీటితో పాటు వారం వారం నార్కట్‌పల్లి–అద్దంకి హైవే. ఈ చివరిదే అసలు పరీక్ష. మిర్యాలగూడ బియ్యం లారీలు ఎదురుగా వచ్చి దాటిపోయినప్పుడు గాలికి బండి ఎంత పక్కకు జరిగింది, సరిచేయడానికి చెయ్యి ఎంత తిప్పాల్సి వచ్చింది అన్నది చూస్తే చాలు, స్టీరింగ్ ఆరోగ్యం తెలిసిపోతుంది.

కారు నడిపి వచ్చినవాళ్లకు ఒక మాట. జిప్సీకి ముందొకటి, వెనకొకటి గట్టి యాక్సిల్ (రెండు పక్కల చక్రాలనూ కలిపే ఇరుసు), నాలుగు మూలలా స్ప్రింగులుగా పనిచేసే కమాన్ పట్టీలు. స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే గేర్ల పెట్టె) రీసర్క్యులేటింగ్ బాల్ రకం, అంటే లోపల ఉక్కు గుండ్ల మీద కదిలేది, కార్లలో ఉండే ర్యాక్ అండ్ పినియన్ కాదు. కాబట్టి కొత్తగా షోరూం నుంచి వచ్చిన రోజున కూడా ఇది మారుతి 800లా తిరిగేది కాదు. స్టీరింగ్ చక్రం అంచు దగ్గర ఓ అంగుళం దాకా ఖాళీగా కదిలితే అది దాని స్వభావం, జబ్బు కాదు. అంతకు మించితే వెతకాలి.

మన దగ్గర అన్నిటినీ కలిపి "స్టీరింగ్ లూజు" అనేస్తారు. నిజానికి మూడు వేర్వేరు బాధలు ఉంటాయి. బండి నేరుగా పోకుండా అటూ ఇటూ తిరుగాడటం ఒకటి. ఒకే పక్కకు గుంజడం ఇంకొకటి. గుంత తగలగానే స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోతుందా అన్నట్టు గడగడా ఊగడం మూడోది. ఏ బాధో తేల్చుకోకుండా షెడ్డుకు పోతే పార్టులు మారుతాయి, జబ్బు అలాగే ఉంటుంది. నా బండికి మొదటిదీ, మూడోదీ ఉండేవి. వాటి కారణాలు వేరు, బండిలో అవి ఉన్న చోట్లూ వేరు.

షెడ్డుకు పోయిన మొదటిసారే వినపడే మాట, "సార్, బాక్స్ టైట్ చేస్తే అయిపోతది". స్టీరింగ్ బాక్సు మూత మీద ఒక స్క్రూ, దానికి లాక్ నట్టు ఉంటాయి. స్క్రూడ్రైవర్ ఒక్కటుంటే చాలు, పని అయిపోతుంది కాబట్టి అందరికీ అదే ఇష్టం. ప్లే (ఖాళీ కదలిక) తగ్గినట్టే అనిపిస్తుంది. కానీ ఎక్కువ బిగిస్తే సరిగ్గా మధ్యలో స్టీరింగ్ పట్టేస్తుంది, మలుపు తిరిగాక తనంతట తాను నేరుగా రాదు. అప్పుడు బండి ఇంకా ఎక్కువ తిరుగాడుతుంది. పైగా లోపల గేర్ పళ్లు అరిగిపోతాయి. నా దృష్టిలో ఆ స్క్రూ ముట్టాల్సింది అన్నిటికంటే చివర. మా దగ్గర పాత ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు, ఆయనది కూడా ఇదే మాట: "బాక్సు జోలికి పోకన్నా, ముందు కింద పండి చూడు."

కింద పడుకుని చూడటమంటే ఇలా. బండి చదునైన నేల మీద, టైర్లు నేరుగా, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. జాకీ వద్దు, బరువంతా టైర్ల మీదే ఉండాలి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను బెత్తెడు అటు, బెత్తెడు ఇటు ఊపుతూ ఉండాలి. ఇంకొకరు కింద పడుకుని పైనుంచి మొదలుపెట్టి ఒక్కో కీలు మీద చెయ్యి వేసుకుంటూ రావాలి. కాలమ్ అడుగున రబ్బరు జాయింటు, బాక్సును ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) పట్టి ఉంచే బోల్టులు, బాక్సు నుంచి బయటికొచ్చే పిట్‌మన్ ఆర్మ్, దాన్ని చక్రానికి కలిపే డ్రాగ్ లింక్ రాడ్డు రెండు ఎండ్లు (చివరి కీళ్లు), ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్ రెండు ఎండ్లు. కంటికి కనపడని లూజు కూడా వేళ్లకు టక్కుమని తెలుస్తుంది. ఎండ్ అరిగిపోతే రాడ్డు కదిలాక ఒక క్షణం ఆగి ఆర్మ్ కదులుతుంది, ఆ ఆలస్యం వేలికి తగులుతుంది. బాక్సు బోల్టుల దగ్గర మట్టి కడిగి ఛాసిస్ పగిలిందేమో కూడా చూడాలి. రాళ్ల దారుల్లో తిరిగిన బండికి అక్కడ సన్నని చీలిక రావడం మామూలే.

మా బండిలో ఈ పరీక్షకు దొరికినవి రెండు. డ్రాగ్ లింక్‌కు ఒక ఎండ్ పోయింది. రెండోది నేను ఊహించనిది: స్టీరింగ్ ఊపుతుంటే చక్రాలు తిరగకముందే మొత్తం ముందు యాక్సిలే పక్కకు జరిగేది. కమాన్ పట్టీలను ఛాసిస్‌కు కలిపే షాకిళ్ల (ఊగే కొక్కేల) బుష్షులు అరిగి, రబ్బరు పొడి పొడిగా రాలుతోంది. బుష్షు మార్చడం చవక పనే, కానీ తుప్పు పట్టిన పిన్ను బయటకు రావడానికే ఒక పూట పట్టింది.

ఇక ఊగుడు సంగతి. అరవై దాటాక చిన్న గుంత తగిలితే ముందు భాగం మొత్తం వణికేది, బాగా స్లో చేస్తే తప్ప ఆగేది కాదు. ఇలాంటప్పుడు చాలామంది మెకానిక్‌లు కొత్త స్టీరింగ్ డాంపర్ (చిన్న షాక్ అబ్జార్బర్ లాంటిది) వేస్తారు. వేస్తే కొన్నాళ్లు ఆగుతుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. డాంపర్ ఊగుడును అణిచిపెడుతుంది తప్ప పుట్టకుండా చేయదు. లోపల అరిగేది అరుగుతూనే ఉంటుంది, ఈసారి మీకు తెలియకుండా. నేనైతే జబ్బు దొరికేదాకా డాంపర్‌ను విప్పి పక్కన పెట్టి, ఊళ్లోనే నెమ్మదిగా నడపమంటాను. డాంపర్ లేకుండా కూడా ఊగకపోతే అప్పుడు ముందు భాగం బాగుపడినట్టు.

ఆ జబ్బు వెతకడానికి ముందువైపు చక్రాన్ని జాకీ మీద లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఆడించాలి. కదిలితే అది వీల్ బేరింగ్ కావచ్చు, కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం దేని మీద మలుపు తిరుగుతుందో ఆ పిన్ను) బేరింగ్ కావచ్చు. ఏదో తేల్చడానికి ఒక తేలికైన కిటుకు ఉంది. ఇంకొకరిని బ్రేక్ గట్టిగా తొక్కమనాలి. ముందు డిస్క్ బ్రేకులు కాబట్టి హబ్బూ (చక్రం బిగించే మధ్య భాగం), నకిలూ (కింగ్ పిన్ మీద మలుపు తిరిగే భాగం) ఒకటైపోతాయి. అప్పుడు కదలిక ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్ పిన్. మాది ఆగలేదు.

నకిల్ విప్పి చూస్తే లోపల గ్రీజు లేదు, నారింజ రంగు తుప్పు ముద్ద ఉంది. జిప్సీకి ముందు యాక్సిల్ చివర పెద్ద గుండు లాంటిది ఉంటుంది, దాన్ని తుడుస్తూ ఒక సీలు. ఆ సీలు పోతే వాగు దాటినప్పుడల్లా నీళ్లు లోపలికి పోయి అడుగున నిలుస్తాయి. అందుకే కింది బేరింగు ముందు పోతుంది. లోపలి యాక్సిల్ సీలు పోతే ఇంకో తంటా, యాక్సిల్ మధ్యలోని గేర్ల (డిఫరెన్షియల్) ఆయిల్ నకిల్‌లోకి కారి గ్రీజును కడిగేస్తుంది. గుండు మీద నూనె, మట్టి కలిసి కారుతున్న బండి కనపడితే లోపల కింగ్ పిన్ ఎండిపోతోందని అనుకోవచ్చు. మా బండి బేరింగ్ కప్పును తుడిచి గోరుతో గీరి చూశాను. చక్రం నేరుగా ఉన్నప్పుడు రోలర్లు ఆనే చోట వరసగా సన్నని గీతలు పడి, గోరు తట్టుకుంటోంది. హైవే మీద స్టీరింగ్ మధ్యలో ఏదో గాడిలో పడ్డట్టు ఎందుకుండేదో అప్పుడు అర్థమైంది.

కొత్త బేరింగులు వేస్తే సరిపోదు, బిగువు కూడా కుదరాలి. అది కింగ్ పిన్ మూత కింది పల్చటి షిమ్ముల మీద ఆధారపడి ఉంటుంది. షిమ్ము తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. కొలవడానికి పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు. టై రాడ్ ఊడదీసి, ఆయిల్ సీలు పెట్టకముందే, నకిల్ ఆర్మ్ చివర రంధ్రానికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాలి. ఒక కిలో నుంచి రెండు కిలోల లోపు లాగుడుకు నకిల్ కదలడం మొదలైతే సరి. చాలా షెడ్లలో ఈ త్రాసు ఉండదు, చేత్తో తిప్పి "మస్తుంది" అనేస్తారు. కూరగాయల అంగడిలో దొరికే కొక్కెం త్రాసు మీరే పట్టుకుపోండి. ఈ పని అయ్యాక డాంపర్ లేకుండా నడిపి చూశాను. ఊగుడు పోయింది.

కానీ తిరుగాడటం పోలేదు. ఎండ్లు కొత్తవి, బుష్షులు కొత్తవి, కింగ్ పిన్లు కొత్తవి, అయినా ఎనభై దగ్గర బండి రోడ్డంతా తనదే అన్నట్టు పోయేది. కంప్యూటర్ అలైన్‌మెంట్ కాగితం చేతిలో పెట్టినప్పుడు అందరూ చూసే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) అంకె బాగానే ఉంది. ఎవరూ చూడని క్యాస్టర్ అంకె మాత్రం తక్కువ. జిప్సీకి మూడున్నర డిగ్రీలు ఉండాల్సింది రెండు దగ్గర ఉంది. సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉండబట్టే చేతులు వదిలినా నేరుగా పోతుంది కదా, ఆ వాలే క్యాస్టర్. అది తగ్గితే చక్రాలకు నేరుగా ఉండాలన్న పట్టింపు పోతుంది. అలైన్‌మెంట్ షాపువాళ్లు దీన్ని సరిచేయలేరు. గట్టి యాక్సిల్‌కు తిప్పడానికి టో తప్ప వేరే బోల్టే లేదు.

కారణం వెనక దొరికింది. తోట నుంచి బత్తాయి సంచులు మోయడానికి పాత యజమాని వెనక కమాన్లకు అదనపు పట్టీ వేయించాడు. ముందు పట్టీలేమో వయసు మీదపడి కుంగాయి. ఖాళీ బండిలో వెనక భాగం పైకి, ముక్కు కిందికి. జిప్సీ వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 2375 మిల్లీమీటర్లు. వెనక 5 సెంటీమీటర్లు లేస్తే ఛాసిస్ ఒక డిగ్రీ పైనే ముందుకు వాలుతుంది, దాంతో యాక్సిల్ కూడా. ముందు కుంగినది దానికి తోడు. మొత్తం మూడున్నరలో అంత పోతే ఇంకేం మిగులుతుంది? సంచులు నింపితే బండి నేరుగా పోతుందని ఆ రైతు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బరువుకు వెనక కుంగి క్యాస్టర్ తిరిగి వచ్చేది.

కమాన్ల షాపులో అదనపు పట్టీ తీయించి, ముందు పట్టీలకు వంపు కొట్టించాను. వంపు కొట్టించింది ఎక్కువ కాలం నిలవలేదు, చివరికి కొత్త సెట్టే వేయాల్సి వచ్చింది. డబ్బులు ఉంటే మొదటే కొత్తది వేయించడం నయం. పట్టీలు విప్పి బిగించాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, పట్టీలను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించాలి, లేకపోతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరుగుతుంది. జరిగిందో లేదో టేపుతో తెలుస్తుంది: ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్యకు కొలత రెండు పక్కలా ఒకటే ఉండాలి. ఎత్తు కోసం పొడుగు షాకిళ్లు వేయించుకునేవాళ్లకు కూడా ఇదే క్యాస్టర్ బాధ. జిప్సీకి ముందు కమాన్ షాకిల్ ముందు చివరన ఉంటుంది, అది పొడుగైతే యాక్సిల్ ముందుకు వాలుతుంది. అందం కోసం వేసి హైవే మీద భయపడటం నాకైతే అర్థం కాదు.

టైర్ల గురించి కొంచెం. కంపెనీ సైజు 205/70 ఆర్15. వెడల్పు టైర్లు, బయటికి పొడుచుకొచ్చిన రిమ్ములు వేస్తే పవర్ లేని స్టీరింగ్ చేతులు నొప్పి పుట్టిస్తుంది, ట్రాక్టర్ చక్రాల గాడుల్లో పడితే గుంజుకుపోతుంది. బండి ఒక పక్కకే గుంజుతుంటే ముందు టైర్లు అటుది ఇటు మార్చి చూడండి, గుంజుడు కూడా పక్క మారితే టైరుదే తప్పు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు టైరు పక్కన నాలుగంకెల తేదీ చదవండి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. కాస్త దూరం నడిపి దిగి, ముందు రిమ్ముల దగ్గర అరచేయి వెనక వైపు పెట్టి చూడండి. ఒకటి మాత్రమే వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ క్యాలిపర్ (డిస్కును నొక్కే భాగం) పట్టేసి ఉండొచ్చు. మన రోడ్లు అంచుకు వాలుగా ఉంటాయి కాబట్టి ఎడమకు కొంచెం పోవడం మాత్రం జబ్బు కాదు. పొలంలో 4హెచ్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం వెళ్లే గేరు) వేసి తీయడం మరచి తారు రోడ్డెక్కితే మలుపుల్లో స్టీరింగ్ బిగుసుకుంటుంది. ముందు, వెనక యాక్సిళ్లను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ దీనికి లేదు. ఆ మాత్రానికే మెకానిక్ దగ్గరికి వచ్చిన బండ్లు చూశాను.

ఇప్పుడు నా బండి ఎలా ఉందంటే, హైవే మీద ఎనభైకి ఒక చేత్తో పట్టుకుని పోవచ్చు, తొంభై దాటితే నాకే ఇష్టం ఉండదు. లారీ గాలికి ఇంకా కొంచెం జరుగుతుంది, అంత ఎత్తు, అంత తేలిక బండికి అది తప్పదు. చందంపేట రాళ్ల మీద ఇప్పటికీ దీన్ని మించింది లేదు. మైలేజీ లీటరుకు పది చుట్టూ, అంతకు మించి ఆశించొద్దు. 2019లో తయారీ ఆగింది కానీ పార్టులకు కరువు లేదు, సైన్యం వాడిన బండ్లు చాలానే బయటికొచ్చాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తిరిగితే చాలావరకు దొరుకుతాయి. ఎండ్లు, కింగ్ పిన్ బేరింగుల్లో మాత్రం చవక సరుకు వద్దు. నేను చవక ఎండ్ ఒకటి వాడి చూశాను, వానాకాలం దాటకుండానే దాని రబ్బరు టోపీ చిరిగింది.

కొనబోయేవాళ్లు ఖాళీ బండినీ, నలుగురు ఎక్కిన బండినీ విడివిడిగా నడిపి చూడండి. నడక రెండింట్లో బాగా తేడాగా ఉంటే ధర మాట్లాడకముందే వెనక పట్టీలు లెక్కపెట్టండి.