ఎమ్‌సీజీ గోడల బయట: మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్బు తొలి జాడలు వెతుకుతూ

మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌కు (ఎమ్‌సీజీకి) వెళ్ళే తెలుగువాళ్ళలో ఎక్కువమంది క్రికెట్ కోసమే వెళతారు. 2024 డిసెంబరులో విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి అక్కడ తన తొలి టెస్టు శతకం చేశాక ఆ మైదానం పేరు మన ఇళ్ళలో మరింత చనువుగా వినిపిస్తోంది. నేను వెళ్ళింది మాత్రం అక్కడి చలికాలంలో, ఆ దేశపు సొంత ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో. కోడిగుడ్డు ఆకారపు బంతితో, జట్టుకు పద్దెనిమిది మంది చొప్పున ఆడే ఆ ఆటకు తొలి క్లబ్బయిన మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్బు ఎక్కడ, ఎలా మొదలయిందో చూడాలన్నది నా కోరిక. మేనల్లుడు మాత్రం, "స్టేడియం టూరు ఒక్కటి చూస్తే చాలు మామయ్యా, చుట్టూ ఉన్నవన్నీ చెట్లే" అన్నాడు.

వసతి సంగతి ముందు చెబుతాను. మొదటి మూడు రాత్రులు నగరానికి పడమరనున్న టార్నీట్‌లో మేనల్లుడి ఇంట్లో గడిపాను. తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన ప్రాంతం కనుక తిండికి లోటు లేదు. రైలు సక్రమంగా నడిచిన రోజున నగరం అరగంట దూరమే, కానీ ఒక రోజు పట్టాల పనుల పేరుతో రైలు ఆపి బస్సులు వేయడంతో ఆ అరగంట రెండు గంటలయింది. అందుకని చివరి రెండు రాత్రులకు ఈస్ట్ మెల్‌బోర్న్‌లో ఒక చిన్న హోటలు తీసుకున్నాను. ఆట ఉన్న రోజని అద్దె దాదాపు రెట్టింపు చేశారు, హీటరు వేడికంటే చప్పుడే ఎక్కువ చేసింది, శాకాహారికి ఉదయం రొట్టె, జామ్ తప్ప మరేమీ దొరకలేదు. అయినా తలుపు తీసి పది నిమిషాలు నడిస్తే మైదానం చుట్టూ ఉన్న యారా పార్కులో ఉండగలగడం వల్ల ఆ డబ్బు వృథా అనిపించలేదు.

ఎందుకంటే చూడవలసింది ఆ పార్కులోనే ఉంది. 1850లలో దాన్ని రిచ్‌మండ్ ప్యాడక్ అనేవారు. క్రికెట్ మైదానపు పచ్చికను ఫుట్‌బాల్ పాడుచేస్తుందని క్రికెట్ పెద్దలు భయపడేవారు కనుక తొలి ఆటలు ఇక్కడే, యూకలిప్టస్ చెట్ల మధ్యనే జరిగాయి. 1858 ఆగస్టు 7న స్కాచ్ కాలేజీ, మెల్‌బోర్న్ గ్రామర్ స్కూలు విద్యార్థులు జట్టుకు నలభై మంది చొప్పున ఇక్కడ తలపడ్డారు. గోల్ స్తంభాల మధ్య దూరం సుమారు అర మైలు. ఆ రోజు తేలని ఆట ఆగస్టు 21న, మళ్ళీ సెప్టెంబరు 4న కొనసాగి, చెరో గోలుతో సమంగా ముగిసింది. అంపైర్లలో ఒకరు తరువాత ఈ ఆటకు నియమాలు రాసినవారిలో ఒకడైన క్రికెటర్ టామ్ విల్స్, రెండోవారు డాక్టర్ జాన్ మకాడమ్. మనం సూపర్ మార్కెట్లలో ఖరీదు చూసి వెనక్కి పెట్టేసే మకడేమియా పప్పుకు పేరు వచ్చింది ఈ రెండో ఆయన మీదుగానే. మైదానం బయట విల్స్ అంపైరుగా నిలబడి ఉండగా ఇద్దరు కుర్రాళ్ళు బంతి కోసం పోటీపడుతున్న కంచు విగ్రహం ఉంది. శిల్పి లూయీ లామన్, ప్రతిష్ఠించింది 2001లో. చూడడానికి టికెట్టు లేదు, రద్దీ కూడా లేదు. అదే పార్కులో ఆదివాసులు తమ అవసరాలకు బెరడు ఒలుచుకున్న మచ్చలున్న పాత చెట్లు రెండున్నాయి, వాటిని కూడా వెతికి చూడాలి. ఆటలున్న రోజున పచ్చిక మీద కార్లు నిలుపుతారు కాబట్టి మామూలు రోజున, ఉదయం పూట వెళ్ళడమే మంచిది.

స్టేడియం టూరు ఆటలు లేని రోజుల్లోనే ఉంటుంది. మా బృందాన్ని తిప్పి చూపిన పెద్దాయన క్రికెట్ క్లబ్బు స్వచ్ఛంద సేవకుడు, ఎంతో ఓపికగా చెప్పారు. కానీ గంటకు పైగా సాగిన ఆ నడకలో డ్రెస్సింగ్ గదులకు, ఎత్తయిన గ్యాలరీలకు దక్కినంత సమయంలో పదో వంతు కూడా 1859లో ఈ ఆటకు తొలి నియమాలు రాసిన కాగితానికి దక్కలేదు. లక్ష మంది పట్టే కట్టడం ముందు పాత కాగితం ఎవరి కంటికి ఆనుతుంది! టూరుకు, మ్యూజియానికి కలిపి ఇచ్చే టికెట్టు తీసుకుని, టూరు తరువాత మ్యూజియంలో తీరిగ్గా గడపమని నా సలహా, ఎందుకంటే నేను వెతుక్కుంటూ వెళ్ళినది ఆ పాత కాగితమే.

1859 మే 17న మైదానం దగ్గరలోని పెరేడ్ హోటల్లో విల్స్, హామర్స్‌లీ, థాంప్సన్, స్మిత్ కూర్చుని పది నియమాలు రాశారు. హోటలు యజమాని జెర్రీ బ్రయంట్ కూడా క్రికెటరే. క్లబ్బు తన పుట్టుకను 1858గా చెప్పుకుంటుంది గాని, సభ్యులు, కమిటీతో రూపం కట్టింది ఈ మే నెలలోనే. విల్స్ ఇంగ్లండులోని రగ్బీ స్కూల్లో చదివినవాడు, తన బడి నియమాలే కావాలన్నాడు. థాంప్సన్, హామర్స్‌లీ కేంబ్రిడ్జిలో చదివిన పాత్రికేయులు, స్మిత్ డబ్లిన్‌లో చదివిన ఉపాధ్యాయుడు. మరునాడు పనికి వెళ్ళవలసిన పెద్దవాళ్ళు గట్టినేల మీద ఆడే ఆట కాబట్టి పిక్కల మీద తన్నడం కుదరదని తేల్చారు. అడ్డు పెట్టి పడగొట్టడం, తోయడం మాత్రం ఒప్పుకున్నారు. బంతిని నేల మీది నుంచి చేత్తో ఎత్తకూడదు, ఎట్టి పరిస్థితిలోనూ విసరకూడదు. తన్నిన బంతిని నేరుగా పట్టినవాడు 'మార్క్' అని అరిస్తే అతనికి అడ్డులేని తన్ను దక్కుతుంది. గోల్ స్తంభాలు ఎంత దూరంలో ఉండాలన్నది ఇద్దరు కెప్టెన్లే మాట్లాడుకోవాలట. మా ఊళ్ళో బిళ్ళంగోడు మొదలుపెట్టేముందు పిల్లలం చేసుకున్న ఒప్పందాలు గుర్తొచ్చి, ఆ కాగితం ఉన్న గాజు పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇప్పటి ఆటలో ఇంకా ప్రాణంతో ఉన్నవాటిలో ముఖ్యమైనది ఆ 'మార్క్' అనిపిస్తుంది. బంతితో పరుగెత్తేవాడు దాన్ని నేలకు కొడుతూ పోవాలన్న షరతు 1866లో, విల్స్ మేనత్త కొడుకు హారిసన్ ఆధ్వర్యంలో నియమాలు సవరించినప్పుడు వచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చిన సేవ విక్టోరియా స్టేట్ లైబ్రరీది. ప్రవేశం ఉచితం, గుమ్మటం కింది చదువుల గది చూడడానికైనా వెళ్ళవచ్చు. 1858 జులై 10న 'బెల్స్ లైఫ్ ఇన్ విక్టోరియా' పత్రికలో వచ్చిన విల్స్ ఉత్తరాన్ని అక్కడి కంప్యూటర్లో చదివాను. శీతాకాలంలో క్రికెటర్లు ఒళ్ళు బిగుసుకుపోకుండా ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకోవాలనీ, అది కాకపోతే తుపాకీ క్లబ్బయినా పెట్టుకోవాలనీ ఆయన అందులో అంటాడు. క్రికెట్‌కు సహాయకంగా పుట్టిన ఆట ఇప్పుడు అదే మైదానంలో ఎక్కువ రోజులు ఆడుతుండడం ఆ ఉత్తరం చదివాక తమాషాగా తోచింది. ఈ పాత పత్రికలు 'ట్రోవ్' అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి కనుక ప్రయాణానికి ముందే ఇంట్లో చదువుకుని వెళ్ళడం మేలు.

జీలాంగ్ పట్టణానికి టార్నీట్ నుంచి నేరుగా రైలుంది. 1859 జులైలో పుట్టిన జీలాంగ్ క్లబ్బుకూ విల్స్ చాలా ఏళ్ళు ఆడాడు. అయితే ఇప్పటి సొంత మైదానమైన కార్డీనియా పార్కుకు ఆ క్లబ్బు 1941లో గాని రాలేదు కాబట్టి తొలి చరిత్ర కోసమే అయితే అక్కడికి వెళ్ళనక్కరలేదు. సముద్రపు ఒడ్డు చూడాలనుకుంటే వెళ్ళవచ్చు.

చివరి రోజు యారా పార్కు పక్కనున్న జొలిమాంట్ స్టేషన్‌లో రైలెక్కి, విల్స్ సమాధి చూడడానికి అదే లైనులో ఉన్న హైడల్‌బర్గ్‌కు వెళ్ళాను. విల్స్ జాబ్ వూరంగ్ ఆదివాసుల పిల్లలతో, వారి భాష మాట్లాడుతూ పెరిగినవాడు. వారి బంతాట ఈ ఆటకు మూలమా కాదా అన్నదాని మీద చరిత్రకారుల వాదన ఇంకా నడుస్తోంది. 1861లో క్వీన్స్‌లాండ్‌లో ఆదివాసుల దాడిలో తండ్రితో సహా పంతొమ్మిది మంది చనిపోగా, ఆ సమయానికి అక్కడ లేకపోవడం వల్ల విల్స్ బతికాడు. అయిదేళ్ళకే ఆదివాసుల క్రికెట్ జట్టుకు శిక్షణ ఇచ్చి, 1866 డిసెంబరు 26న దాన్ని ఎమ్‌సీజీలో ఆడించాడు. తాగుడుతో చితికిపోయి 1880 మేలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. వందేళ్ళు గుర్తు లేకుండా ఉన్న సమాధికి 1980లో రాయి నిలిపారు. అది ఉన్న వారింగల్ శ్మశానంలో దారి చూపే పలకలు నాకు కనిపించలేదు, అడగడానికి మనుషులూ లేరు. ఫోనులో మ్యాపు చూసుకుంటూ వెతుక్కోవడానికి ముప్పావు గంట పట్టింది. తిరుగు రైలులో జొలిమాంట్ రాగానే మళ్ళీ దిగి, చీకటి పడేదాకా ఆ చెట్ల మధ్యనే నడిచాను.