అల్ట్రాసౌండా, ఫోటో అకౌస్టికా: ఏది మేలు?

నెల్లూరులో సెమినార్ టాపిక్ వెతుక్కునే బీటెక్ పిల్లలు ఏటా నన్ను అడిగే మాట ఒకటే: "సార్, ఫోటో అకౌస్టిక్ వస్తే అల్ట్రాసౌండ్ మూలన పడ్డట్టేనా?" మొన్న అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చేసే మా బావ కూడా అదే అడిగాడు.

అల్ట్రాసౌండ్ సంగతి తెలిసిందే, పంపేదీ వినేదీ శబ్దమే. ఫోటో అకౌస్టిక్ కూడా ఒంటి లోపలి బొమ్మ తీసే స్కానింగే, కాకపోతే ఇందులో పంపేది లేజర్ వెలుగు, అదీ కొన్ని నానోసెకన్లే. రక్తంలో హిమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుని, కాస్త వేడెక్కి, ఉబ్బి, శబ్దం పుట్టిస్తుంది. ఆ శబ్దాన్ని విని బొమ్మ గీస్తారు. వెలుగుతో శబ్దం పుట్టడం 1880లో గ్రాహంబెల్ గమనించిన విషయమే.

బావకి గుంట గట్టు మీదే చెప్పాను. రాత్రి టార్చి వేస్తే ఆ పచ్చనీళ్లలో వెలుతురు కొంచెం లోతుకే చెదిరిపోతుంది కదా, ఒంట్లో మిల్లీమీటరు దాటితే అదే గతి. శబ్దం అంతగా చెదరదు. అందుకే బొమ్మ గీసే పని దానికి అప్పజెప్పారు.

నా మటుకు తేల్చేసేది ఆక్సిజన్. గుంటలో నీళ్లెన్ని ఉన్నా, తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, చూడకపోతే ఏమవుతుందో బావకి నేను చెప్పాలా! అల్ట్రాసౌండ్ గడ్డ ఆకారం చూపిస్తుంది, డాప్లర్ పెడితే రక్తం పారడం కూడా. ఆ రక్తంలో ఆక్సిజన్ ఎంతో చెప్పలేదు. ఫోటో అకౌస్టిక్ రెండు రంగుల లేజర్‌తో అది పట్టేస్తుంది. కోవిడ్‌లో వేలికి తగిలించుకున్న ఆక్సీమీటర్ కిటుకే, కాకపోతే ఇది ఒక్క అంకె చెప్పి ఊరుకోకుండా ఎక్కడ ఎంతుందో చూపిస్తుంది. క్యాన్సర్ గడ్డ కొత్త రక్తనాళాలు మొలిపించుకుంటుంది, లోపల ఆక్సిజన్ తగ్గుతుంది. రొమ్ము గడ్డల మీద ఆశ అందుకే. 2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ఇమాజియో యంత్రంలో రెండూ కలిపే ఉన్నాయి.

లోపాలు లేకపోలేదు. వెలుగు కొన్ని సెంటీమీటర్లకు మించి పోదు, చర్మంలోని మెలనిన్ కూడా కొంత మింగేస్తుంది. మనలాంటి నల్లటి ఒళ్లకు ఇది చిన్న విషయం కాదు. కడుపులో బిడ్డకైతే అల్ట్రాసౌండే, చర్చే లేదు. బావ నడుం నొప్పికి ఎమ్మారై. వెలుగుతో కంటి పొరల్ని చూసే ఓసీటీ స్కాన్ కంటి డాక్టర్లకి వదిలేద్దాం.

పిల్లలకైతే ఫోటో అకౌస్టిక్కే తీసుకోమంటాను. కాకపోతే మొదటి వారం అల్ట్రాసౌండ్ ప్రోబ్, అంటే స్కానింగ్‌లో ఒంటికి ఆనించే పరికరం గురించి చదవండి. రెండింటిలోనూ శబ్దాన్ని అందుకునేది అదే. లేజర్ సంగతి రెండో వారం చూసుకోవచ్చు.